వెనక గోడ మట్టి

ఆ ప్రయోగశాలలో ఆవిడకు వెనకాల ఒక పేరుంది, దశాంశం. ఎదురుపడితే అందరూ మేడమ్ అంటారు, గది దాటగానే దశాంశం అయిపోతుంది. బిందువు తరవాత ఎన్ని అంకెలుండాలో అన్నీ ఉండాల్సిందే, ఒక్కటి తగ్గినా కాగితం తిప్పి కొట్టేస్తుంది. ఆవిడ దగ్గర "దాదాపు" అన్నవాడి పని అయిపోయినట్టే. ఒకసారి అక్కడి టెక్నీషియన్ పిల్ల "నా పెళ్ళికి ఓ రెండొందల మంది వస్తారు మేడమ్" అంటే "పిలిచినవాళ్ళా, వచ్చేవాళ్ళా?" అని అడిగిందట. క్యాంటీన్‌లో ఇప్పటికీ ఆ ముక్క చెప్పుకుని నవ్వుతారు. ఆవిడకూ ఆ సంగతి తెలుసు. తెలిసి తనూ నవ్వుకుంటుంది.

అక్కడి పని చెప్పడానికి తేలికే. సంతల నుంచి కూరగాయలొస్తాయి, తోటల నుంచి మట్టి వస్తుంది. వాటిలో పురుగుమందు ఎంత మిగిలిపోయిందో కొలిచి చెప్పాలి. కాయల్ని తరిగి, మెత్తగా రుబ్బి, ద్రావకం పోసి గిలక్కొట్టి, గిర్రున తిప్పే యంత్రంలో పెడితే పిప్పి అడుక్కి దిగి పైన తేట తేరుకుంటుంది. ఆ తేటను చిటికెన వేలంత సీసాలో పోసి పెద్ద యంత్రానికి అప్పగిస్తే, అది కాసేపు తనలో తాను గొణుక్కుని తెర మీద ఒక గీత గీస్తుంది. గీత చదునుగా సాగితే సరే. ఎక్కడైనా నిక్కి నిలబడితే దాన్ని పీక్ అంటారు. పీక్ ఉందంటే మందు ఉన్నట్టు, లేచిన చోటును బట్టి ఏ మందో తెలుస్తుంది, ఎంత పెద్దదైతే అంత మందు.

ఒక్క సంగతి మాత్రం దశాంశం ఎవరికీ చెప్పలేదు. పాత మందుల గోదాముల మట్టి వచ్చినప్పుడు సంచీ మూతి విప్పగానే అందరూ ముక్కు మూసుకుంటారు. ఆవిడ మూసుకోదు. చెబితే నవ్విపోతారు గానీ, ఆ వాసన ఆవిడకు పుట్టింటి వాసన.

వాళ్ళ నాన్నది పురుగుమందుల కొట్టు. ఇంటికి ఆనుకుని వీధి వైపు ఒక్క గది. గోడకు చెక్క అరలు, అరల నిండా డబ్బాలు, కింద గోతాల్లో పొడిమందు. అప్పట్లో ఈ ముద్రలూ హెచ్చరికలూ ఎవరికి పట్టాయి? తెల్లటి డీడీటీ పొడిని చేట్లో పిండి పోసినట్టు పోసి, తక్కెట్లో తూచి, కాగితం పొట్లాలు కట్టి ఇచ్చేవాడు. బడి నుంచి రాగానే ఈవిడ, అప్పటికింకా దశాంశం కాదు, రెండు జడల పిల్ల, ఒక డబ్బా బోర్లించుకుని దాని మీద కూర్చుని ఎక్కాలు రాసుకునేది. పుస్తకాలకూ ఆ వాసనే, గౌనుకూ ఆ వాసనే. క్లాసులో పక్కన కూర్చునే పిల్ల "నీ దగ్గరికి దోమలు కూడా రావే" అని ఎగతాళి చేసేది. ఇంటికొచ్చి ఏడిస్తే నాన్న పగలబడి నవ్వి, "మంచిదేగా, హాయిగా నిద్రపోతావు" అన్నాడు.

తూకం నేర్పింది నాన్నే. ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టమనేవాడు. "తొందరపడితే తక్కెడ అబద్ధం ఆడుతుందమ్మా, పాపం దానిది కాదు, మనది" అనేవాడు. ఆవిడ ఈరోజుకీ తూకపు యంత్రం ముందు ఊపిరి బిగబడుతుంది. పక్కవాళ్ళు అది చాదస్తం అనుకుంటారు.

కొట్టు కట్టేసే ముందు నాన్న తనే చీపురు పట్టేవాడు. పనిమనిషి చేత చేయించేవాడు కాదు. రోజంతా తూచిన చోట, పొట్లాలు కట్టిన చోట, నేల మీద తెల్లగా పొడి పరుచుకుని ఉండేది. వీధిలో ఉన్న కొట్లన్నీ గుమ్మం ముందుకు ఊడ్చి చేతులు దులుపుకునేవి. నాన్న మాత్రం వీధి గుమ్మం దగ్గర మొదలుపెట్టి లోపలికి ఊడ్చుకుంటూ వెళ్ళి, వెనక తలుపు తీసి, పెరటి గోడ వారన పోసేవాడు. "వీధిలో పిల్లలు ఉత్త కాళ్ళతో తిరుగుతారు. పెరట్లో ఎవరున్నారు? నేలతల్లి అన్నీ అరిగించుకుంటుంది" అనేవాడు.

తమ్ముడికి ఏడాదైనా నిండకుండానే ఆయన గుండె ఆగి పోయాడు. ఆ తరవాత కొట్టు నడపడం అమ్మ వల్ల కాలేదు. కొన్నేళ్ళకు ఇల్లూ గదీ కూలిపోయాయి, పెరటితో సహా స్థలం ఖాళీగా పడి ఉండిపోయింది. అమ్మ కూడా తొందరగానే పోయాక నాన్నను చూసినట్టు చెప్పగలిగింది అక్క ఒక్కతే. ఉన్న ఒక్క ఫొటోలో ఆయన సరిగ్గా అప్పుడే తల తిప్పాడు, మొహం అలుక్కుపోయింది. అందుకని తమ్ముడు చిన్నప్పటి నుంచీ "నాన్న గురించి చెప్పక్కా" అని కొంగు పట్టుకుని తిరిగేవాడు. అక్క చెప్పేది. తక్కెడ గురించి, నవ్వు గురించి, మరీ ముఖ్యంగా ఊడ్చడం గురించి. ఊరి పిల్లల కాళ్ళ కోసం చెత్తను తన పెరట్లో పోసుకున్న నాన్న. ఎన్నిసార్లు చెప్పినా వాడికి తనివి తీరేది కాదు. వాడి నాన్న మొత్తంగా అక్క నోట్లోంచి పుట్టినవాడే.

అలాంటివాడు నలభై అయిదు దాటాక, ఎలక్ట్రీషియన్ పని చేసుకుంటూ, వైర్లూ స్విచ్చులూ తప్ప మొక్క మొహం ఎరగనివాడు, ఉన్నట్టుండి ఆ స్థలంలో తోట వేశాడు. రాళ్ళు ఏరించాడు, మళ్ళు కట్టించాడు, వీధిలో ఇంటికో మడి పంచాడు. గేటు మీద నాన్న పేరు రాయించాడు. టమాటా, వంకాయ, బెండ, ఆకుకూరలు. వెనక గోడ వార మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అక్కడ తనే గుమ్మడి, దోస పాదులు పెట్టాడు. "నాన్న నిలబడే చోటు కదక్కా" అన్నాడు. దశాంశం ఆ మాట విని మురిసిపోయింది. అంత చదువూ చదివిన మనిషికి ఆ క్షణాన మురిపెం తప్ప మరేమీ తోచలేదు.

తోట బాగా కాసింది. వీధి చివరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం పెడతారు, మిగిలిన కూరగాయలు వాళ్ళకిద్దామని తమ్ముడి ఆశ. బడివాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారు, మట్టి పరీక్ష చేయించమన్నారు అంతే. తమ్ముడి మట్టిని తను పట్టుకోవడం పద్ధతి కాదని దశాంశం పక్కకు తప్పుకుంది. నమూనాలు తెచ్చే మనిషి వెళ్ళి, తోటంతా అటూ ఇటూ వంకరటింకరగా నడుస్తూ చోటుకో గరిటెడు తీసి, అన్నీ ఒక బకెట్లో కలిపి, అందులోంచి ఒక సంచీ నింపి తెచ్చాడు. ఎక్కడైనా చేసే పద్ధతే అది. టెక్నీషియన్ పిల్ల పరీక్ష చేసింది. అంతా హద్దులోపే.

తమ్ముడు ఫోన్లో గంతులేసినంత పని చేశాడు. "నాన్న తోట పాసయింది! నువ్వు పరీక్షల్లో ఫస్టొచ్చినప్పుడు కూడా నేనింత సంతోషపడలేదు."

"నేను ఫస్టొచ్చినప్పుడు నీకు మాటలే రావురా" అంది దశాంశం.

ఫోన్ పెట్టేశాక ఊరికే ఆ గీత చూద్దామని తెర ముందు కూర్చుంది. గీత చదునుగానే ఉంది, ఒక్కచోట తప్ప. ఆ ఒక్కచోటా చిన్న గుబ్బ. హద్దుకు చాలా కింద. ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. కానీ అది ఎక్కడ లేచిందో చూడగానే ఆవిడకు పోల్చుకోవడానికి క్షణం పట్టలేదు. డీడీటీ ఏళ్ళ తరబడి మట్టిలో చివికి మిగిల్చే పదార్థం అది. టమాటా మళ్ళలో దానికేం పని?

కళ్ళ ముందు చీపురు కదిలింది. వీధి గుమ్మం నుంచి లోపలికి, లోపలి నుంచి వెనక తలుపుకు, వెనక తలుపు నుంచి గోడ వారకు. రోజూ. ఏళ్ళ తరబడి. 

సగటు మంచిదే, కాదనను, కానీ దానికి మొహమాటం ఎక్కువ. ఒకింట్లో కూరలో కారం డబ్బా బోర్లాపడితే వీధి మొత్తానికి లెక్క వేసి చూడండి, అందరి కూరా కమ్మగానే ఉన్నట్టు తేలుతుంది. తిన్నవాడి కళ్ళనీళ్ళు లెక్కలోకి రావు. ఆ బకెట్లో వెనక గోడ మట్టి ఒక్క గరిటెడే పడింది. మిగతా గరిటెలన్నీ కలిసి దాని పరువు కాపాడాయి.

ఆదివారం పొద్దున్నే పారా, సంచీ పట్టుకుని తోటకు వెళ్ళింది. తమ్ముడు పాదులకు నీళ్ళు పెడుతున్నాడు. గోడంతా గుమ్మడి తీగ అల్లుకుని, పెద్ద పెద్ద ఆకుల కింద కాయలు పిల్లల తలకాయల్లా తొంగిచూస్తున్నాయి.

"ఇదేంటి, పాసైనవాడికి మళ్ళీ పరీక్షా?" అన్నాడు.

"ఇల్లలకగానే పండగ కాదురా. ఈ వార ఒక్కటీ విడిగా చూడాలి" అంటూ గోడ పక్కన తవ్వి మట్టి తీసుకుంది. ఒక గుమ్మడికాయ కోసి సంచీలో వేసుకుంది.

"గుమ్మడికాయల దొంగవి నువ్వేనన్నమాట. ఏదీ, భుజాలు తడుముకో" అని నవ్వాడు.

ఆవిడ నవ్వలేకపోయింది. వంకాయ, టమాటా అయితే మట్టిలో ఉన్న పాత మందును పెద్దగా పట్టించుకోవు. గుమ్మడి, దోస అలా కాదు, వేళ్ళతో పీల్చి కాయదాకా తెచ్చుకుంటాయి. ఇన్ని మొక్కలుండగా వీడు ఇక్కడ ఏరికోరి వాటినే పెట్టాడు.

పరీక్షలో ఈసారీ చెయ్యి తను పెట్టలేదు. సంచీలకు అంకెలు మాత్రం వేసి టెక్నీషియన్ పిల్లకు ఇచ్చింది. మట్టి ఆరబెట్టడం, జల్లించడం, తూచడం అన్నీ దూరం నుంచే చూసింది. గీత మొదలై కాసేపు బుద్ధిగా నడిచి, ఒక్కసారిగా తెర పైఅంచు దాటి పోయింది. ఆ పిల్ల నోరు తెరుచుకుని, "మేడమ్, ఇది తోట మట్టా, గోదాము మట్టా?" అంది.

"సీసాలకు అంటుకుందేమో. అన్నీ కడిగి మళ్ళీ పెట్టు."

ఆ పిల్ల వింతగా చూసింది. తప్పు జరిగి ఉంటే బాగుండునని దశాంశం ఆశపడటం ఆ గదిలో ఎవరూ ఎరగరు. వట్టి ద్రావకం పెట్టి చూశారు, గీత చదును. తేటను పలచన చేసి మళ్ళీ పెట్టారు, పీక్ అక్కడే, లెక్క కడితే అంతే మందు. గుమ్మడికాయలోనూ అదే, పిల్లలకు పెట్టకూడనంత. యంత్రాల తప్పేమీ లేదు. ఆవిడ బాత్రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నాన్న పోయినప్పుడు కూడా ఏడవనంతగా ఏడ్చింది.

సాయంత్రం తోటలో తమ్ముడికి చెప్పింది. వీలైనంత మెల్లగానే చెప్పింది గానీ, ఆ మాటకు మెత్తదనం ఎక్కడుంది?

వాడు పైపుతో మడికి నీళ్ళు పెడుతూనే విన్నాడు. తరవాత, "సర్కారు పద్ధతిలో తీసిన మట్టి పాసయిందిగా. అది చాలదా?" అన్నాడు.

"బడి పిల్లలు సగటు తినరురా. కాయ తింటారు."

"అయితే గుమ్మడి ఇవ్వను. మా ఇంట్లో కూడా వండం. పాదులు పీకేస్తా, ఎవరికీ చెప్పక్కర్లేదు. సరేనా?"

"రేపు నువ్వు లేనప్పుడు ఇంకొకరు అక్కడ దోస పెడతారు. మట్టి తవ్వించి పంపేయాలి. డ్రమ్ముల్లో మూతలు బిగించి తీసుకెళ్ళే మనుషులొస్తారు. వీధంతా చూస్తుంది, అడుగుతుంది."

"అడిగితే ఏం చెప్పను? గేటు మీద పేరున్న మనిషే పిల్లల తిండిలో విషం పోశాడని చెప్పనా?" "నీకేం, నీకు నాన్న ఉన్నాడు. చూశావు, ముట్టుకున్నావు. నాకు నువ్వు చెప్పిన కథలే ఉన్నాయి. అందులో నాకు ప్రాణం లాంటిది ఆ ఊడ్చడమేనక్కా. ఇప్పుడొచ్చి అదీ విషమేనంటావు."

వాడు పైపు అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. నీళ్ళు మడి నిండి దారి మీదకి పారుతుంటే ఆవిడే వెళ్ళి కుళాయి కట్టేసింది.

తరవాత వాడు ఫోన్ ఎత్తలేదు. మరదలు ఎత్తి "మీ తమ్ముడు అన్నం కూడా సరిగ్గా తినట్లేదు వదినా, మీరే ఏదో ఒకటి చెప్పండి" అంది. ఏం చెప్పాలి? అంకె మార్చి చెప్పడం తన వల్ల కాదు కదా. నాన్నను వాడికి ఇచ్చిందీ తనే, లాగేసుకున్నదీ తనే. ఆ వారమంతా ప్రయోగశాలలో ఎవరేం రాసుకొచ్చినా మాట్లాడకుండా సంతకం పెట్టేసింది. దశాంశానికి జ్వరమేమోనని అందరూ హడలిపోయారు.

ఆ వారం చివర్లో మరదలి నుంచే కబురొచ్చింది. తోటలో వీధివాళ్ళందరినీ పిలిచాడు, మీరూ రండి అని. దశాంశం వెళ్ళేసరికి వెనక గోడ బోసిగా ఉంది. తీగంతా పీకి ఒక మూటగా కట్టి పక్కన పెట్టాడు. ఆ వార చుట్టూ తాడు కట్టాడు. మడి ఉన్నవాళ్ళందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

తమ్ముడు గొంతు సవరించుకుని సంగతంతా చెప్పాడు. తను పంచిన గుమ్మడి, దోస ఇక ఎవరూ తినొద్దన్నాడు. గోడకు ముందున్న మళ్ళ మట్టిని కూడా ఏ మడికామడి విడిగా పరీక్ష చేస్తారని, అప్పటిదాకా బడికి ఏమీ ఇవ్వమని చెప్పాడు. మూలింటి టైలరు ఊరుకునే రకం కాదు, "ఇంతకీ ఎవడు పోశాడయ్యా ఆ దిక్కుమాలిన మందు?" అన్నాడు.

ఎవరో తెలీదని ఒక్క మాటంటే అయిపోయేది. ఆ మాట వాడి పెదవుల దాకా రావడం అక్క చూసింది.

"మా నాన్న" అన్నాడు తమ్ముడు.

అందరూ ఒక్కసారి గేటు వైపు చూశారు. వాడు ఆపలేదు. కొట్టు గురించి, చీపురు గురించి, ఉత్త కాళ్ళ పిల్లల గురించి, తను అక్క దగ్గర విన్నదంతా కళ్ళారా చూసినట్టు చెప్పుకొచ్చాడు. "ఆయనకేం తెలుసండీ. ఆ రోజుల్లో ఎవరికి తెలుసు? నన్ను చంకన వేసుకునే ఊడ్చేవాడు. అది విషమని తెలిస్తే పసివాణ్ణి చంకన వేసుకుంటాడా ఎవడైనా?"

టైలరు తల వంచుకుని "అదీ నిజమేలే" అన్నాడు. మిగతావాళ్ళూ మెత్తబడ్డారు. ఒక ముసలావిడ వచ్చి తమ్ముడి భుజం తట్టింది.

దశాంశం మాత్రం పెదవి కొరుక్కుని నిలబడింది. చంకన వేసుకుని ఊడ్చడం ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. అది జరగలేదు కూడా.

అందరూ వెళ్ళిపోయాక అక్కాతమ్ముళ్ళిద్దరూ మడి గట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. వాడే ముందు మాట్లాడాడు.

"నేను చెప్పింది నిజమేనా అక్కా? చంకన వేసుకోవడం. నువ్వెప్పుడూ చెప్పలేదు. కానీ అలాగే అయ్యుంటుందని అనిపించేది నాకు."

ఔనంటే ఏం పోయేది? వాడి నాన్న వాడికి తిరిగొచ్చేవాడు. ఆవిడ ఔననడానికే నోరు తెరిచింది. అసలు జరిగింది ఇన్నేళ్ళుగా దాచిపెట్టిన ముక్క. చెబితే అది విషమని నాన్నకు తెలిసినట్టు తేలుతుంది, అందుకే ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఊపిరి బిగబట్టి ముల్లు నిలబడేదాకా ఆగడం నేర్పినవాడి గురించి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"లేదురా" అంది. "ఊడ్చేటప్పుడు నిన్ను అసలు ముట్టుకునేవాడే కాదు. కొట్లోకి తేవద్దని అమ్మను కేకలేసేవాడు."

తమ్ముడి మొహం పాలిపోయింది. "అయితే తెలుసన్నమాట ఆయనకి."

"నీ మటుకు తెలుసు. మట్టి మటుకు తెలీదు." "ఊడ్చడం అవ్వగానే కుళాయి దగ్గరికెళ్ళి చొక్కా విప్పి అక్కడే పడేసేవాడు. ఒళ్ళంతా సబ్బు రుద్దుకునేవాడు. కడుక్కుని మళ్ళీ రుద్దుకునేవాడు. నువ్వేమో ఆయన గొంతు వినగానే ఎత్తుకోమని గుక్కపెట్టి ఏడ్చేవాడివి. 'వస్తున్నా నాన్నా, వస్తున్నా' అంటూనే రుద్దుకునేవాడు. అయ్యాక చేతులు వాసన చూసుకుని, నమ్మకం కుదరక నా ముక్కు దగ్గర పెట్టి, పోయిందా అమ్మా అని అడిగేవాడు. నేను పోయిందంటేనే నిన్నెత్తుకునేవాడు."

వాడు ఆ బోసి గోడ వైపు చూశాడు.

"రెండుసార్లు రుద్దుకునేవాడా?"

"రెండుసార్లు."

"చలికాలంలో కూడానా?"

"చలికాలంలో కూడా. అమ్మ వేణ్ణీళ్ళు పెట్టేదాకా కూడా ఆగేవాడు కాదు."

తమ్ముడు చేత్తో మొహం తుడుచుకున్నాడు. "మరి ఎత్తుకున్నాక ఎంతసేపు ఉంచుకునేవాడు నన్ను?"

"నువ్వు నిద్రపోయేదాకా" అంది అక్క. "నిద్రపోయాక కూడా దించేవాడు కాదు. దించమని అమ్మ తిడుతూనే ఉండేది."